కార్టూన్ కింది మాట

ఆగిరిపల్లి నుంచి నూజివీడు దాకా ఇప్పటికీ అందరూ చెప్పుకునే కథ ఒకటుంది. కార్టూనిస్టు వెంకటకృష్ణారావు గారు తన తోటలో కూలి చేసుకునే పార్వతికి అక్షరాలు నేర్పించాలని చూశారనీ, ఆమె కూతురు సుజాతను హాస్టల్లో పెట్టి చదివించారనీ, ఆ కుటుంబానికి తోటలోనే ఇల్లు కట్టించారనీ, ఆ పిల్లకి తన విద్యంతా ధారపోశారనీ, చివరికి ఆయన విశ్రాంతి తీసుకున్న రోజునే ఆ పిల్ల కూడా గురుభక్తితో కలం పక్కన పెట్టేసిందనీ. ఇందులో చెప్పిన సంఘటనలన్నీ జరిగినవే. కొన్నిటికి సాక్షులున్నారు, కొన్నిటికి కాగితాలున్నాయి. అయితే సంఘటనలు నిజమైనంత మాత్రాన కథ నిజమైపోదు. ఏది ముందు జరిగిందో, ఏది తరువాత జరిగిందో తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఇవే సంఘటనలు వేరే కథ చెబుతాయి.

వెంకటకృష్ణారావు దినచర్య ఇరవయ్యేడేళ్ళు మారలేదు. పొద్దున ఆరున్నరకి కాఫీ. ఏడింటికి స్కూటరు మీద తన పద్నాలుగెకరాల మామిడితోట. పార్వతి ఏ చెట్టు కింద పనిచేస్తుంటే ఆ చెట్టుకి పది గజాల దూరంలో మడతకుర్చీ, మోకాళ్ళ మీద నోటుపుస్తకం. పదకొండుకల్లా ఇల్లు, గంటసేపు బొమ్మ. మధ్యాహ్నం రెండింటికి అది విజయవాడలో పత్రికాఫీసుకి బయల్దేరేది: తొలిరోజుల్లో బస్సు డ్రైవరు చేతిలో కవరుగా, తరువాత ఫ్యాక్సుగా, ఆ తరువాత ఫోన్లో ఫొటోగా. మిగతా కార్టూనిస్టులు మాట దొరక్క తల పట్టుకు కూర్చుంటారని ఆయన విన్నాడు. ఆయనకి ఆ అవసరం రాలేదు. పార్వతి తలకేసి చూస్తే సరిపోయేది.

పార్వతి మనసులో ఏమనుకున్నా అది ఆమె తలకి మూరెడు ఎత్తున అక్షరాలై నిలిచేది. పొయ్యిలోంచి లేచే పొగ రంగు. మళ్ళీ ఇంకో మాట అనుకునేదాకా అక్కడే ఉండేది. గాలి వీస్తే కొంచెం పక్కకి వాలేది, వాన పడితే చెరిగేది. అదే తోటలో పనిచేసే రాములు పెళ్ళి చేసుకుని ఆమెను బాపులపాడు నుంచి తీసుకొచ్చిన 1997 నుంచీ ఊరు చూస్తూనే ఉంది. ఒకరికి వేడిశరీరం, ఇంకొకరికి రెండు సుడులు ఉన్నట్టే ఆమెకి ఇదొకటి. అక్షరం ముక్క రాని మనిషి నెత్తిన అక్షరాలెలా వచ్చాయని అడిగినవాళ్ళు లేరు.

మరి అన్నేళ్ళలో వాటిని ఆమెకి చదివిపెట్టినవాళ్ళు ఎందుకు లేరన్నది సబబైన ప్రశ్నే. ఆమెతో కలిసి పనిచేసే ఆడవాళ్ళకి చదువు రాదు. చదువొచ్చిన వాళ్ళకి ఆమెతో మాటలు లేవు. ఎప్పుడైనా ఎవరైనా తలెత్తి చదివినా పైకి చెప్పే ధైర్యం చేయరు, ఎందుకంటే ఆ మాట సాధారణంగా చదువుతున్న మనిషి గురించే అయి ఉండేది.

వెంకటకృష్ణారావు మొదటిసారి చదివింది 1998 మే నెలలో. అప్పటికి ఆయనకి ముప్పయ్యేళ్ళు. ఆరేళ్ళుగా పత్రికలకి బొమ్మలు పంపుతున్నాడు, అవి తిరిగొస్తున్నాయి. గీత బాగుంది, కింద మాట చప్పగా ఉంది అని సబ్ఎడిటర్ అప్పారావు ఓపిగ్గా రాసేవాడు. ఆ రోజు తోటలో బంగినపల్లి కోత. రాములు చెట్టెక్కి చిక్కంతో కాయ దింపుతున్నాడు. కింద పార్వతి వరిగడ్డి పరిచి బుట్టలు సర్దుతోంది. నున్న మామిడి మార్కెట్ నుంచి వచ్చిన వ్యాపారి పైవరస కాయలు చూసి మెచ్చుకుంటున్నాడు. పార్వతి తలపైన పొగ కదిలింది.

“పుచ్చుకాయ అడుగున దాచి, మంచికాయ పైన పేర్చడం ఈ బుట్టకి పుట్టుకతో రాలేదు. మనుషుల దగ్గర నేర్చుకుంది.”

వెంకటకృష్ణారావు దాన్ని రాసుకున్నాడు. ఇంటికెళ్ళి బుట్ట గీశాడు. పైన నలుగురు తెల్లచొక్కా మంత్రులు, అడుగున తక్కినవాళ్ళు. మే 24న అచ్చయింది. కింద ‘తొడిమ’ అని సంతకం. వారం తిరక్కముందే పేపర్లో ఆ పేరుతో రోజూ ఒక కార్టూను పెట్టె ఇచ్చారు.

తాను దొంగిలిస్తున్నానని ఆయనకి అనిపించలేదు. చెట్టు తనది, చెట్టు కింద నేల తనది, ఆ నేల మీద కూలి ఇచ్చి నిలబెట్టిన మనిషి. ఆ మనిషి పైనున్న గాలి మాత్రం ఎవరిదవుతుంది? ఆయన భార్య బుజ్జమ్మ ఒక్కతే ఒకసారి అడిగింది, పేపరు పక్కన పడేసి.

“ఇది నిన్న పార్వతి నెత్తిన చూశానే. ఆవిడకో చీరన్నా పెట్టకూడదూ?”

“చీర పెడితే ఎందుకు పెట్టారంటుంది. ఏం చెప్పను?”

బుజ్జమ్మ “నిజమే” అంది. ఆ తరువాత ఆ సంగతి ఎత్తలేదు.

ఆ ఏడు అక్టోబరులో ఊళ్ళో వయోజన విద్యాకేంద్రం తెరిచారు. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా పలకలు, లాంతర్లు. కమిటీ అధ్యక్షుడు వెంకటకృష్ణారావే. హాజరుపట్టీలో మొదటి పేరు పార్వతిది, ఆయన దస్తూరీలోనే ఉంది. జనం చెప్పే కథకి ఆధారం ఈ పేజీయే. కాని అదే పేజీలో ఆ పేరుకెదురుగా తొంభై రెండు రోజులూ గైర్హాజరు ఉంది. ఎందుకంటే అదే వారం నుంచి సాయంత్రం ఆరు మొదలు ఎనిమిది దాకా పంపుసెట్టు దగ్గర కాపలా పార్వతికి పడింది.

ఒకరోజు ఆమే కుర్చీ దగ్గరికొచ్చింది.

“అయ్యగారూ, నా నెత్తి మీద ఏదో రాసుంటదంటున్నారండీ జనం. ఏముంటదండీ?”

“ఏముంటుందే? ఎప్పుడు చూసినా శ్రీరామ అని ఉంటుంది. పుణ్యాత్మురాలివి.”

“నేనా? నాకు ఇంట్లో ఉన్న రాములుతోనే తెల్లారిపోతుంటే, ఆ రాముణ్ణి ఎప్పుడు తల్చుకున్నానండీ?”

“నీకు తెలీకుండానే తల్చుకుంటున్నావేమో.”

పార్వతి నవ్వి వెళ్ళిపోయింది. వెళుతుంటే ఆమె వెనక పొగ తేలింది: “అబద్ధం చెప్పేటప్పుడు ఈయన కళ్ళజోడు తుడుచుకుంటాడు.”

వెంకటకృష్ణారావు తన చేతులకేసి చూసుకున్నాడు. ఒక చేతిలో కళ్ళజోడు, ఇంకో చేతిలో రుమాలు. అయినా నోటుపుస్తకం తెరిచాడు. మూడోరోజు పేపర్లో ఒక మంత్రి విలేకరుల ముందు కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. ఆ కార్టూను కత్తిరించి గోడకి అంటించుకున్న గుమాస్తాలు ఆ జిల్లాలో చాలామంది ఉన్నారు.

అప్పారావు ప్రతి మే నెలలోనూ చిన్నరసాల కోసం తోటకి వచ్చేవాడు. మొదటి ఏడు పార్వతి పక్కన నిలబడి, తలెత్తి, “ఈయన పండు వాసన చూడడు, ఊరికే ఇస్తారా లేదా అని చూస్తాడు” అని చదువుకున్నాడు. తరువాత వెంకటకృష్ణారావు భుజం మీద చెయ్యేశాడు.

“రావుగారూ, ఈమె ఇంకెవరి తోటకీ వెళ్ళదుగా?”

“వెళ్ళదండీ.”

“అలాగైతే సరే. ఆ రెండో బుట్ట కూడా డిక్కీలో పెట్టించండి.”

2004లో పిల్లల పత్రికవాళ్ళు కామిక్కు అడిగారు. టెంకలాంటి బోడితల ఉన్న తోట కాపలాదారు టెంకయ్య అలా పుట్టాడు. రూపం రాములుది, నోరు పార్వతిది. పుస్తకాలుగా పదకొండు వచ్చాయి. ఇద్దరిలో ఎవరూ వాటిని తెరిచి చూడలేదు. చూసినా బొమ్మలే కదా వాళ్ళకి కనిపించేది. అట్ట మీది బొమ్మ చూసి “ఈ బోడోణ్ణి ఎక్కడో చూసినట్టుందే” అనేవాడు రాములు.

పెళ్ళయిన ఎనిమిదేళ్ళకి, 2005లో, సుజాత పుట్టింది. ఊళ్ళో బడి ఉంది. మూడో తరగతికి వచ్చేసరికి పిల్ల పేపరు పొట్లాలు కూడా విప్పి చదివేది. వెంకటకృష్ణారావు ఆ సంగతి గమనించలేదు. పదిహేనేళ్ళు ఏ ఆటంకమూ లేనివాడికి కాపలా సడలుతుంది.

2013 ఏప్రిల్ 22, సోమవారం. వేసవి ఒంటిపూట బడి. పిల్ల మధ్యాహ్నం గిన్నె పట్టుకుని తోటకొచ్చింది. ఆయన ఆ రోజు ఆలస్యంగా వచ్చి, ఇంకా కుర్చీలోనే ఉన్నాడు.

“అమ్మా, నీ నెత్తి మీద ‘అయ్యగారు కూర్చుంటే కుర్చీకే ఎక్కువ పని’ అని ఉందే!”

పార్వతి చేతిలో కాయ జారింది. “నేననుకున్నదే అది! అచ్చం అదే! ఎవరు చెప్పారే నీకు?”

“ఎవరూ చెప్పలా. రాసుంది, చదివా.”

“ఇప్పుడేముంది? ఇప్పుడు చదువు.”

పిల్ల మునివేళ్ళ మీద లేచింది. “‘ఇది నా కూతురు’ అని ఉంది.”

చెట్టు మీంచి రాములు కేకేశాడు. “మెల్లగా చదవండే తల్లీకూతుళ్ళు! అట్టాంటివి ఇంకో నాలుగు చదివారంటే మనల్ని తోటలోంచి గెంటేస్తారు!”

పార్వతి నవ్వుతూనే ఉంది. ముప్పయ్యైదేళ్ళ మనిషి తన తలకాయ తనదేనని అప్పుడే తెలిసినట్టు రెండు చేతులతోనూ తడుముకుంది. వెంకటకృష్ణారావు నోటుపుస్తకం మూసేశాడు. ఇవాళ కుర్చీ గురించి చదివారు. రేపు పేపరు పొట్లం మీద కార్టూను చదివి, నిన్న అమ్మ నెత్తిన ఇదే ఉంది కదా అంటుంది పిల్ల.

పది రోజుల తరువాత, మే 2న, విశాఖపట్నం దగ్గర ఒక ఆశ్రమ పాఠశాలకి దరఖాస్తు వెళ్ళింది. సంరక్షకుడి గడిలో ఆయన సంతకం. ఏలూరులో, గన్నవరంలో హాస్టళ్ళు ఉండగా అంతదూరం ఎందుకని అప్పట్లో అడిగినవాళ్ళు లేరు. ఇంగ్లీషు మీడియం అన్న మాటకే అందరి నోళ్ళూ మూతపడ్డాయి.

“చదివిస్తానంటే వద్దనే తల్లి ఉంటదా అండీ” అంది పార్వతి, కొంగు నోటికడ్డం పెట్టుకుని. ఆమె తలపైన ఆ క్షణాన ఏమీ లేదు. ఎప్పుడో గాని అలా జరిగేది కాదు.

బండి ఎక్కించేముందు ఆయన పిల్లని పక్కకి పిలిచి బిస్కెట్టు పొట్లం ఇచ్చాడు.

“ఒక సంగతి చెప్తాను, మీ అమ్మతో అనకు. నువ్వు ఆమె నెత్తి మీదది పైకి చదివావు చూడు, ఆ రోజు నుంచే ఆమెకి తలనొప్పి మొదలైంది. నువ్వు చదివినప్పుడల్లా ఎక్కువవుతుంది.”

మిట్టమధ్యాహ్నం ఎండలో పనిచేసే ఆడమనిషికి తలనొప్పి ఎప్పుడూ ఉంటుంది. పిల్ల దాన్ని రోజూ చూసిందే. నమ్మింది.

ఆ జూన్‌లోనే ఆయన రాములు కుటుంబాన్ని ఊళ్ళోంచి తీసుకొచ్చి తోట నడిమధ్య రెండు గదుల ఇల్లు కట్టించాడు. స్లాబు, కరెంటు, బోరు. చుట్టూ పద్నాలుగెకరాలు, పొలిమేర కంచె, గేటుకి తాళం. ఊళ్ళో చదువుకునే పిల్లలు ఇంకా చాలామంది పెరుగుతున్నారు మరి.

జాగ్రత్తలన్నీ అయిపోయాక తెల్లవారి కుర్చీ వేసుకు కూర్చున్నాడు. పార్వతి తలపైన “సుజాత తిన్నదో లేదో” అని ఉంది. మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే. నలభై ఒక్క రోజులు ఆ మూడు ముక్కలు తప్ప ఇంకేమీ లేవలేదు. పత్రికలో పాత కార్టూన్లే మళ్ళీ వేశారు. అప్పారావు ఫోన్ చేశాడు.

“ఏమైందండీ? మీ పెట్టె చూస్తే పిండం పెట్టిన విస్తరిలా ఉంది.”

“ఆవిడ కూతురి మీద దిగులు పెట్టుకుంది.”

“అయితే పిల్లని తీసుకొచ్చేయండి.”

“తీసుకొస్తే మొదటికే మోసం.”

నలభై రెండో రోజున తోటలో రెండు పెట్టెల పెద్దరసాలు తగ్గాయి. వ్యాపారి మనుషులు పార్వతి మూట విప్పారు, బియ్యం డబ్బా బోర్లించారు, చివరికి ఒళ్ళు తడిమారు. వెంకటకృష్ణారావు వారించబోయి, తల పైకెత్తి ఆగిపోయాడు.

“దొరికితే దొంగని. దొరక్కపోతే తెలివైన దొంగని.”

ఆ మాటకి ఒక విచారణ సంఘాన్ని గీశాడు. ఆ ఏటి ఉత్తమ కార్టూనుగా దానికి బహుమతి వచ్చింది. పెట్టెలు మరో లారీలో దొరికాయని వ్యాపారి ఆ సాయంత్రమే ఫోన్ చేశాడు. ఆ సంగతి పార్వతికి చెప్పాలని ఆయనకి తోచింది. చెప్పకపోతే ఏమవుతుందో చూద్దామని కూడా తోచింది. చెప్పలేదు. మర్నాడు పొగ దట్టంగా లేచింది.

పాఠకులు 2013 నుంచి 2019 వరకూ ఆరేళ్ళని ‘తొడిమ’ స్వర్ణయుగం అంటారు. ఆ ఆరేళ్ళ సంచికలూ, తోటలో ఆ ఆరేళ్ళలో జరిగినవీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు లేరు. చూస్తే పద్ధతి కనబడుతుంది. ఒకరోజు ఆమె అన్నం గిన్నెని కుక్క ముట్టుకుందని పారబోయించాడు. రెండు రోజులకి రేషన్ కార్డుల మీద కార్టూను. ఒక నడివేసవిలో చెట్టు కింద కూర్చుంటే పని సాగడం లేదని నీడలోంచి లేపించాడు. అప్పుడు లేచిన మాట, “నీడ ఆయన చెట్టుదట. ఎండ ఒక్కటే మాది, దానికి కౌలు లేదు” అన్నది, తరువాత ఉపన్యాసకులు పదేపదే వాడుకున్నారు. ఆయన తిట్టేవాడు కాదు, చెయ్యెత్తేవాడు కాదు. ఎంత నొప్పికి ఎంత మాట వస్తుందో ఆయనకి లెక్క తెలిసింది. అంతకు మించి ఒక్క వీసం కూడా పెట్టేవాడు కాదు. తాను దయగలవాడినని అనుకోవడానికి ఆ కొలతే ఆయనకి సరిపోయింది.

సుజాత దసరాకి పదిరోజులు వచ్చేది. ఆ పదిరోజులూ పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా ఇంటికి పిలిపించి బొమ్మలు నేర్పించేవాడు. పిల్ల చెయ్యి మంచిది; రెండేళ్ళలో టెంకయ్యని ఆయనకంటే బాగా గీసింది. సాయంత్రం తోటకెళితే తల్లి ముఖం కేసి కాకుండా మెడ కింద ఎక్కడో చూస్తూ మాట్లాడేది. పైకి చూస్తే చదవకుండా ఉండటం కష్టం.

“నా వంక చూడవేమే?” అనేది పార్వతి.

“చూస్తున్నానుగా.”

“ఏముందే నా నెత్తి మీద?”

“నిద్రొస్తోందమ్మా.”

డిప్లొమా అయ్యాక, 2024 జూన్‌లో సుజాత ఏకంగా వచ్చేసింది. తిన్నగా వెంకటకృష్ణారావు గదిలోకి వచ్చి, అలమరలో వరసగా ఉన్న పదకొండు పుస్తకాల ముందు నిలబడింది. ఇలాంటి రోజొకటి వస్తుందని ఆయన పదకొండేళ్ళుగా భయపడుతూనే ఉన్నాడు.

“హాస్టల్ లైబ్రరీలో ఇవన్నీ ఉండేవండీ. మొదటి పుస్తకం మూడో పేజీలోనే తెలిసిపోయింది నాకు.”

“ఏం తెలిసింది?”

“అమ్మ మాటలని.” ఆమె గొంతులో కోపం లేదు. ఆయన దానికోసం వెతికాడు. “రోజూ పడుకునేముందు చదివేదాన్ని. ఈ టెంకయ్యే నాకు అమ్మయిపోయాడు. ఇంటికొస్తే ఆ మనిషి కాళ్ళు పగిలి, ఊరికే తిన్నావా తిన్నావా అంటుంది. ఈవిడ ఎవరా అనిపించేది.”

వెంకటకృష్ణారావుకి ఊపిరాడింది. కుర్చీ చూపించాడు. తన కళ్ళల్లో శుక్లాలు ముదిరాయనీ, గీత వణుకుతోందనీ చెప్పాడు. పత్రికతో మాట్లాడతాననీ, పెట్టె కింద ఇద్దరి పేర్లూ వేయిస్తాననీ అన్నాడు.

“మరి అమ్మకి?”

“ఆమెకి తెలిస్తే ఇంక మనసులో ఏమనుకున్నా ఎవరో చూస్తున్నారనే అనుకుంటుంది. అక్కడితో సరి. నీకూ లేదు, నాకూ లేదు.”

“తలనొప్పి సంగతి అబద్ధమేగా?”

“అబద్ధమే.”

సుజాత బల్ల ముందు కూర్చుని పెన్సిలు చెక్కుకుంది. ఆగస్టు 4 నుంచి ‘తొడిమ – సుజాత’ అని రెండు పేర్లు పడ్డాయి. గురువుని మించిన శిష్యురాలని అప్పారావే సంపాదకీయం పక్కన రాశాడు. ఇప్పుడు తోటలో రెండు కుర్చీలు వేసేవారు. కూతురు ఎదురుగా వచ్చి కూర్చుంటోందని పార్వతికి సంతోషం. ఆ సంతోషం వల్ల మాట పలచబడితే, మధ్యాహ్నం గిన్నె తీసుకుని సుజాతే ఏదో ఒక వంక పెట్టేది. కూరలో ఉప్పెక్కువైందనో, చీర వాసనొస్తోందనో.

2025 మే 17, శనివారం సాయంత్రం నూజివీడులో ఒక కల్యాణమండపంలో వెంకటకృష్ణారావుకి సన్మానం. ఆరువందల మంది. శాలువా కప్పేందుకు ఎవరైనా సామాన్యుడుంటే బాగుంటుందని నిర్వాహకులు అన్నారు. ఆయన వద్దనలేకపోయాడు, వద్దంటే ఎందుకని అడుగుతారు. పార్వతిని కొత్త చీర కట్టించి వేదిక ఎక్కించారు. ఆమె ఎప్పుడూ అంతమంది చదువుకున్నవాళ్ళ ముందు నిలబడలేదు. ఉపన్యాసాలు ఒకదాని మీద ఒకటి సాగాయి: కరుణామయుడు, కల్పవృక్షం, శతాబ్దికి ఒక్కడు. పార్వతి శాలువా చేతబట్టుకుని నిలబడి వింటోంది. లైట్ల వెలుగులో పొగ స్పష్టంగా లేచింది.

“ఇంత పొగుడుతుంటే మనిషి పోయాడేమో, చూసొద్దామని వచ్చా, తీరా చూస్తే కుర్చీలోనే ఉన్నాడు.”

ముందు వరస నవ్వింది. తరువాత హాలంతా నవ్వింది. ఉపన్యాసకుడు తన చమత్కారానికే అనుకుని ఆగి నమస్కారం పెట్టాడు. ఎవరూ ఏమీ అనలేదు. నవ్వి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ వేదిక కేసి చూశారు.

పార్వతి చుట్టూ చూసింది. నవ్వుతున్న కళ్ళేవీ తన ముఖం మీద లేవు. అన్నీ ఒక మూరెడు పైన ఉన్నాయి. పక్కనే కుర్చీలో ఉన్న కూతురి వైపు తిరిగింది. మైకు దగ్గర్లోనే ఉండటం వల్ల ఆమె మాట వెనక వరసలకీ వినిపించింది.

“ఏమ్మా సుజాతా, ఏముందే? ఎందుకు నవ్వుతున్నారు?”

వెంకటకృష్ణారావు కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడు. ఒక్క వాక్యం. ఆ పిల్ల ఉన్నది ఉన్నట్టు చదివితే చాలు. సుజాత తలెత్తింది. పది పదాలు, చదవడానికి ఎంతసేపు పడుతుంది? ఆమె చేయి అప్పటికే ఆహ్వానపత్రిక వెనకవైపు ఆ వాక్యాన్ని ఎక్కించేసింది.

“ఏం లేదమ్మా. శాలువా కప్పి దండం పెట్టు.”

పార్వతి కూతురి ముఖం చూసింది. ఆమె చేతిలో కలం చూసింది. ఆ కాగితం మీద సిరా ఇంకా తడిగా మెరుస్తోంది. తరువాత హాలుకేసి, తరువాత శాలువా కోసం మెడ వంచి ఉన్న వెంకటకృష్ణారావుకేసి చూసింది. శాలువా కప్పింది. దండం పెట్టింది. మెట్లు దిగుతుంటే ఆమె తలపైన దీపాల వెలుగు తప్ప ఏమీ లేదు.

ఆ వాక్యం మర్నాడు, మే 18 ఆదివారం సంచికలో అచ్చయింది, పాడె మీంచి లేచి కూర్చున్న ఒక నాయకుడి బొమ్మ కింద. ఆరువందల మంది దాన్ని ముందురోజు సాయంత్రం వేరొకరి నెత్తిన చదివారు. పత్రికకి దాని గురించి ఒక్క ఉత్తరం కూడా రాలేదు.

ఆ పొద్దున తోటలో రెండు కుర్చీలు వేశారు. పార్వతి కలెక్టర్ రకం మామిడికాయలు ఏరుతోంది. ఏడైంది, తొమ్మిదైంది, పదకొండైంది. ఆమె పైన కొమ్మ, కొమ్మ పైన ఆకాశం. వెంకటకృష్ణారావు లేచి వెళ్ళి ఏరిన గంప కాలితో తన్నాడు. కాయలు దొర్లాయి. ఆమె వంగి ఒక్కొక్కటే మళ్ళీ ఏరింది. నీడలోంచి లేవమన్నాడు, లేచింది. పెట్టె ఒకటి తగ్గిందన్నాడు. ఆమె అడక్కుండానే కొంగు విప్పి దులిపి చూపించింది.

సుజాత దగ్గరికెళ్ళి గొంతుక్కూర్చుంది. “అమ్మా, ఏమాలోచిస్తున్నావే?”

పార్వతి ఆమె జుట్టులో చిక్కుకున్న ఎండుటాకు తీసి కింద పడేసింది.

“ఏం లేదమ్మా” అంది.

ఎండలు మరీ ఎక్కువగా ఉన్నాయి, అందుకే అక్షరాలు ఆగిపోయి ఉంటాయని ఊళ్ళో అనుకున్నారు. వానలు పడ్డాక కూడా రాలేదు, అప్పటికి ఎవరూ తలెత్తి చూడటం లేదు. పత్రికలో ఆ పెట్టె స్థానంలో మోకాళ్ళ నొప్పుల తైలం ప్రకటన వచ్చింది. కృతజ్ఞతలు చెబుతూ అప్పారావు రాసిన నాలుగు వాక్యాల్లోంచే విశ్రాంతి, గురుభక్తి అన్న మాటలు పుట్టి ఆగిరిపల్లి దాకా నడిచాయి.

గురువు తృప్తిగా విరమించాడా, శిష్యురాలు భక్తితో మానేసిందా అన్నదానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. అదే పత్రిక, 2025 జూన్ 1, ఆదివారం, చిన్న ప్రకటనల పేజీ, మూడో వరస: “కార్టూన్లకు మాటలు రాయగలవారు వెంటనే కావలెను. ఆగిరిపల్లి.” కింద రెండు ఫోన్ నంబర్లున్నాయి. మొదటిది వెంకటకృష్ణారావుది, రెండోది సుజాతది.